క్రోమ్ వదలాలా? బ్రౌజర్ మార్చాలనుకుంటున్న వాళ్ళకు

మా బాబాయి పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్లో పేపరు చదువుతాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పక్కనే కూర్చుని చూశాను. వార్త రెండు వాక్యాలు, కింద ఓపెన్ ప్లాట్ల ప్రకటన, దాని కింద మళ్ళీ ఒక వాక్యం, ఈలోగా తెర అడుగు నుంచి మోకాళ్ళ నొప్పుల నూనె వీడియో పైకి లేచింది. దాన్ని మూసే ఎక్స్ గుర్తు ఆవగింజంత ఉంది. ఆయన బొటనవేలు ఎక్స్ మీద పడబోయి నూనె మీద పడింది. కొత్త ట్యాబ్ తెరుచుకుంది. వెనక్కి వస్తే పేజీ మొదటికొచ్చింది. మూడుసార్లు అలాగే జరిగినా ఆయనకు కోపం రాలేదు. "పేపరు వాళ్ళు ఈమధ్య ఇలా తయారయ్యార్రా" అన్నాడంతే.

ఫోన్ తీసుకుని చూస్తే క్రోమ్‌లో ట్యాబుల లెక్క ఉండాల్సిన చోట అంకెకు బదులు నవ్వు మొహం కనిపించింది. తెరిచిన ట్యాబులు 99 దాటితే క్రోమ్ లెక్క మానేసి అలా నవ్వుతుంది. "బ్రౌజర్ మారుద్దాం బాబాయ్" అన్నాను. "ఈ గుండ్రటిది తీసేస్తే నా ఫొటోలు పోవు కదా?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, ఆఫీసులో నన్ను ఇదే విషయం అడిగే వాళ్ళ భయం కూడా అదే. మారితే ఏం పోతుంది, ఏం వస్తుంది? నేను వెబ్‌సైట్లు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. ఒకే పేజీని రోజూ నాలుగైదు బ్రౌజర్లలో తెరిచి ఎక్కడ చెడిందో చూడటానికే నాకు జీతం ఇస్తారు. నా మాట ముందే చెప్పేస్తాను: అందరూ మారక్కర్లేదు. లాప్‌టాప్‌లో కంటే ఫోన్లో మారితే ఎక్కువ సుఖం. మారేవాళ్ళు కూడా పాతదాన్ని వెంటనే తీసిపారేయొద్దు.

## ముందు ఇబ్బంది ఏమిటో చూడండి

"క్రోమ్ స్లో అయిపోయింది, ఏది పెట్టమంటావ్?" అని అడిగేవాళ్ళలో సగం మందికి బ్రౌజర్ మార్చినా ఒరిగేదేమీ ఉండదు. నాలుగు జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో ముప్ఫై ట్యాబులు తెరిస్తే ఏ బ్రౌజరైనా ఆయాసపడుతుంది. మార్చే ముందు ఒక పని చేయండి. క్రోమ్ తెరిచి ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఎంత మెమరీ తింటున్నదో వరసగా కనిపిస్తుంది. ఎడ్జ్‌లోనూ ఇదే కిటుకు. నేను చూసిన మెషీన్లలో చాలావాటికి దోషి ఎప్పుడో మూడేళ్ళ కిందట పెట్టి మరిచిపోయిన కూపన్ల ఎక్స్‌టెన్షనో, పీడీఎఫ్ మార్చే ఎక్స్‌టెన్షనో. దాన్ని తీసేసి, సెట్టింగ్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేస్తే వాడని ట్యాబులు నిద్రపోతాయి. అప్పటికీ నడవకపోతే ర్యామ్ కొనండి.

ఇంకో రకం ఫిర్యాదు: "నా ఫోన్లో వైరస్ ఉందని మాటిమాటికీ వస్తోంది." బాబాయి ఫోన్లోనూ ఇదే. తొంభై పాళ్ళు అది వైరస్ కానే కాదు. ఎప్పుడో ఒక సైట్ "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడిగితే సరేనన్నారు. ఆ సైటే ఇప్పుడు "మీ ఫోన్లో 5 వైరస్‌లు" అని భయపెట్టే సందేశాలు తోస్తోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల దగ్గరికి వెళ్ళి, అక్కడున్న సైట్ల జాబితాలో తెలియని పేర్లన్నీ ఆపేయండి. ఆయన ఫోన్లో పదిహేడు ఉన్నాయి. రెండు నిమిషాల పని, బ్రౌజర్ మార్చకుండానే ఒక బాధ వదిలింది.

ఇవి పోగా మిగిలే కారణాలు మూడు: ప్రకటనల చికాకు, మన అడుగులన్నీ ఎవరో లెక్కపెడుతున్నారన్న చిరాకు, ఇంటర్నెట్ మొత్తం ఒకే కంపెనీ గుప్పిట్లోకి పోతోందన్న ఆలోచన. వీటికైతే మారడం పనిచేస్తుంది. ఏ దానికి మారుతున్నారన్నదే ముఖ్యం.

## ఒకే పిండి, వేరే వేరే అట్లు

ఒకే రుబ్బిన పిండితో ఒకరు దోసె పోస్తారు, ఒకరు ఊతప్పం పోస్తారు, ఇంకొకరు గుంత పొంగనాలు వేస్తారు. బ్రౌజర్ల సంగతీ అంతే. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి, శామ్‌సంగ్ ఇంటర్నెట్, మన దేశంలో జోహో తెచ్చిన ఉలా, ఇవన్నీ గూగుల్ రుబ్బి పెట్టిన క్రోమియం పిండే. పేజీని తెర మీద గీసే ఇంజిన్ పేరు బ్లింక్. దాని పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. లినక్స్‌లోని కేడీఈ వాళ్ళు రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్ అనే చిన్న ఇంజిన్‌ను ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, సఫారీకి వాడింది. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు గూగుల్ కూడా వెబ్‌కిట్‌నే వాడింది. 2013లో వేరు కాపురం పెట్టి దానికి బ్లింక్ అని పేరు పెట్టింది. అదే ఏడాది ఒపేరా కూడా తన సొంత ఇంజిన్ వదిలేసి ఇటొచ్చింది. 2020 జనవరిలో మైక్రోసాఫ్ట్ కూడా చేతులెత్తేసి ఎడ్జ్‌ను క్రోమియం మీద కట్టింది.

వేరే పొయ్యి మీద వండుతున్న పెద్ద బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ ఒక్కటే. దాని ఇంజిన్ గెకో, మొజిల్లా వాళ్ళది. సఫారీ వెబ్‌కిట్‌ను మూడోదిగా లెక్కేయొచ్చు గానీ అది ఆపిల్ గడప దాటి రాదు.

దీనివల్ల మీకు రెండు సంగతులు తెలియాలి. ఒకటి, క్రోమ్ నుంచి ఎడ్జ్‌కో బ్రేవ్‌కో మారితే ఏ సైటూ చెడదు, ఎక్స్‌టెన్షన్లు కూడా అవే పనిచేస్తాయి. మార్పు సులువు. రెండు, పిండిలో గూగుల్ ఏం కలిపితే అది అందరి అట్లలోకీ వస్తుంది. కావాలంటే ఒక్కొక్కరు దాన్ని ఏరి పారేయాలి, ఆ ఏరే పని ఏడాదికేడాదికీ కష్టమవుతుంది.

ఐఫోన్ వాళ్ళకు ఇంకో చిత్రం. అక్కడ క్రోమ్ పెట్టుకున్నా ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా లోపల నడిచేది ఆపిల్ వెబ్‌కిటే. ఆపిల్ నియమం అలాంటిది. యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్లకు సడలింపు ఇచ్చారు, మనకు లేదు. ఐఫోన్లో ఇలాంటివన్నీ ఆపిల్ చేతిలో ఎలా ఉంటాయో మన తెలుగు వాళ్ళు 2018 ఫిబ్రవరిలో రుచి చూశారు. "జ్ఞా" అక్షరానికి చెందిన ఒక రూపం మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. వాట్సాప్, జీమెయిల్ లాంటి బయటి కంపెనీల యాప్‌లూ కూలాయి, ఎందుకంటే అక్షరం గీసే భాగం ఆపిల్‌దే. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా తెలుగు "జ్ఞానం" చూసి ప్రపంచం జడుసుకుంది. ఐఫోన్ వాళ్ళు సఫారీలోనే ఉండి, దానికి ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకుంటే చాలు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ 2025లో సఫారీకీ వచ్చింది.

## ప్రకటనల సంగతి

గత రెండేళ్ళలో క్రోమ్ వదిలిన వాళ్ళలో ఎక్కువమంది చెప్పే కారణం ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ అందులో ఆగిపోవడం. దీని గురించి సగం సగం మాటలు తిరుగుతున్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఊహించుకోండి. పాత పద్ధతిలో లోపలికొచ్చే ప్రతి మనిషినీ ఆపి, ఎక్కడికి, ఎవరి కోసం, చేతిలో ఏముంది అని అడిగి అప్పటికప్పుడు నిర్ణయించేవాడు. యూబ్లాక్ ఆరిజిన్ చేసింది ఇదే. పేజీ ఏ సర్వర్‌కు కబురు పంపినా ముందు దాని చేతిలోంచి వెళ్ళేది. కొత్త పద్ధతి పేరు మ్యానిఫెస్ట్ వి3. ఇందులో వాచ్‌మన్‌కు ఆపే అధికారం లేదు. "ఫలానా వాళ్ళను రానివ్వొద్దు" అని ఒక జాబితా ముందే రాసి గేటుకు అంటించాలి. ఆపేదీ వదిలేదీ బ్రౌజర్ చూసుకుంటుంది. గూగుల్ చెప్పే కారణం భద్రత. అందులో అబద్ధం లేదు, ప్రతి కబురునూ చదివే అధికారం దొంగ ఎక్స్‌టెన్షన్ చేతిలో పడితే ప్రమాదమే. కానీ ప్రకటనల మీద బతికే కంపెనీ, ప్రకటనలు ఆపేవాడి చేతులు కట్టేస్తుంటే జనం అనుమానించడంలోనూ తప్పు లేదు. 2024లో మొదలుపెట్టి 2025 మధ్యకల్లా క్రోమ్‌లో పాతరకం ఎక్స్‌టెన్షన్లను ఆపేశారు.

క్రోమ్‌లో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. అది కొత్త నియమాలకు లోబడిన చిన్న తమ్ముడు. నిజం చెప్పాలంటే మామూలు వార్తల సైట్లకు ఆ తమ్ముడు సరిపోతాడు. మా ఆవిడ లాప్‌టాప్‌లో అదే ఉంది, ఆమెకు తేడా తెలియలేదు. తేడా తెలిసేది రోజుకో ఎత్తు వేసే సైట్ల దగ్గర, "మీ యాడ్‌బ్లాకర్ ఆపండి" అని తలుపు మూసే సైట్ల దగ్గర. అక్కడ పెద్దన్న కావాలి. పెద్దన్నను మార్పేమీ లేకుండా ఉంచుకున్నది ఫైర్‌ఫాక్స్. బ్రేవ్ దారి వేరు. ప్రకటనలు ఆపే భాగాన్ని బ్రౌజర్ లోపలే కట్టింది, అది ఎక్స్‌టెన్షనే కాదు కాబట్టి గూగుల్ నియమం దానికి తగలదు.

ఇక ఫోన్ల సంగతికి వద్దాం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలే లేదు. పెద్దా లేడు, చిన్నా లేడు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో వందల ఎక్స్‌టెన్షన్లకు తలుపు తీసింది. యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో ఫోన్లో నడుస్తుంది. మన వాళ్ళు వార్తలు, వంటలు, పంచాంగం, పిల్లల ఫలితాలు చూసేది ఫోన్లోనే. మార్పు వల్ల లాభం ఎక్కడ ఎక్కువ అంటే నేను ఫోన్ అనేది ఇందుకే.

పత్రికలు ప్రకటనల మీదే బతుకుతాయి కదా అని కొందరంటారు. అదీ నిజమే. నేను రోజూ చదివే రెండు చిన్న సైట్లకు ఆపకుండా వదిలేశాను, ఒకదానికి చందా కడుతున్నాను. మోకాళ్ళ నూనె వాళ్ళ మీద మాత్రం నాకు దయ లేదు.

## వెనకాల నడిచే కళ్ళు

మీరు ఒక సైట్‌లో మిక్సీ చూస్తే రెండు రోజులు ప్రతి సైట్‌లోనూ మిక్సీలే కనిపించడానికి కారణం థర్డ్ పార్టీ కుకీలు, అంటే మీరు తెరిచిన సైట్ కాకుండా అందులోని ప్రకటనల కంపెనీలు మీ బ్రౌజర్‌లో వదిలే గుర్తులు. సఫారీ వీటిని 2020 మార్చిలో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి కంప్యూటర్లలో అందరికీ ప్రతి సైట్ కుకీలనూ దాని డబ్బాలో దానికే వేసి మూతపెడుతోంది. ఒక దుకాణంలో ఇచ్చిన టోకెన్ పక్క దుకాణంలో చెల్లదన్నమాట. క్రోమ్ కూడా ఆపుతానని 2020లోనే ప్రకటించింది. వాయిదా, మళ్ళీ వాయిదా, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మనమే ఆపుకోవచ్చు, ఎంతమంది వెళ్తారు?

ఇన్‌కాగ్నిటో ఉంది కదా అనొద్దు. అది మీ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుందంతే. మీ ఇంటర్నెట్ కంపెనీ, మీ ఆఫీసు నెట్‌వర్క్, మీరు వెళ్ళిన సైట్ అన్నీ మిమ్మల్ని చూస్తూనే ఉంటాయి. ఈ విషయం మీదే అమెరికాలో గూగుల్ మీద కేసు నడిచి, 2024లో రాజీ కుదిరి, పోగేసిన సమాచారం చెరిపేయడానికి కంపెనీ ఒప్పుకుంది. పెళ్ళిరోజు కానుక భార్యకు తెలియకుండా వెతకడానికి ఇన్‌కాగ్నిటో భేషుగ్గా పనికొస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌ను ఆకాశానికెత్తే వాళ్ళు చెప్పని మాట ఒకటుంది. మొజిల్లా రాబడిలో సింహభాగం గూగుల్ దగ్గర్నుంచే వస్తుంది, వెతుకుడు పెట్టెలో గూగుల్‌ను మొదటగా పెట్టినందుకు. వెతుకుడు వ్యాపారంలో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పిచ్చారు. క్రోమ్‌ను అమ్మించాలని అమెరికా న్యాయశాఖ పట్టుబట్టింది. 2025 సెప్టెంబరులో ఆయన అంతవరకూ పోలేదు, డబ్బిచ్చి చోటు కొనుక్కోవడాన్ని పూర్తిగా ఆపలేదు. ఆపి ఉంటే మొదట కడుపు మాడేది మొజిల్లాకే. ప్రత్యర్థి పెట్టే కూడు తింటూ ప్రత్యర్థితో పోరాడటం ఎంతకాలమో చూడాలి. నేను ఫైర్‌ఫాక్స్ వాడుతూనే ఈ మాట అంటున్నాను.

## మిగతా వాటి గుణాలు

ఎడ్జ్ గురించి జనం వెటకారంగా మాట్లాడతారు, క్రోమ్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి పనికొచ్చే బ్రౌజరని. తక్కువ ర్యామ్ ఉన్న విండోస్ మెషీన్లలో అది బాగా నడుస్తుంది, పీడీఎఫ్‌లు చదవడానికి హాయి. దానికున్న అసలు ఉపయోగం మన ప్రాంతంలో ఇంకొకటి: ఐఈ మోడ్, అంటే ఎడ్జ్ లోపలే పేజీని పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా తెరవడం. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్‌లో పాతిపెట్టారు గానీ, దాని కోసమే రాసిన పోర్టళ్ళు బతికే ఉన్నాయి. ఒకసారి టెండరు పనికి డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టుకుని ఒక పోర్టల్ ముందు సాయంత్రం దాకా కూర్చున్నాను. ఏ బ్రౌజర్‌లో తెరిచినా తెల్ల పేజీ. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ పెట్టగానే పాత నీలం బటన్ బయటికొచ్చింది. కనీసం 2029 దాకా ఈ మోడ్ ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆడిటర్లు, కాంట్రాక్టర్లు, మీ సేవా కేంద్రాలు నడిపేవాళ్ళు ఎడ్జ్‌ను తీసేయకండి. చిరాకు పెట్టేది దాని అత్యుత్సాహమే. అప్‌డేట్ అయిన ప్రతిసారీ నన్నే వాడండి, బింగ్‌లోనే వెతకండి అని వెంటపడుతుంది.

బ్రేవ్‌ను పెట్టింది బ్రెండన్ ఐక్, 1995లో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ రాసిన మనిషే. ఏమీ సర్దుకోకుండా పెట్టగానే ప్రకటనలు ఆగాలనుకునేవాళ్ళకు, క్రోమ్ అలవాటు పోకూడదనుకునేవాళ్ళకు ఇది తేలికైన దారి. మొదటిరోజే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి క్రిప్టో వాలెట్, రివార్డ్స్ బటన్లు దాచేయండి. 2020లో జనం టైపు చేసిన క్రిప్టో సైట్ చిరునామాకు తన కమిషన్ లింకు తగిలించి దొరికిపోయింది, తర్వాత క్షమాపణ చెప్పి సరిచేసుకుంది. నేనైతే ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు.

వివాల్డి పాత ఒపేరా స్థాపకుల్లో ఒకరు కట్టింది. ట్యాబుల మీద ట్యాబులు పేర్చడం, ఒకే తెర మీద రెండు పేజీలు పక్కపక్కన పెట్టడం, లోపలే మెయిల్, నోట్స్. సామాను ఎక్కువ. పరిశోధన చేసేవాళ్ళకూ, అనువాదాలు చేసేవాళ్ళకూ బాగుంటుంది. ఒపేరా ఇప్పుడు నార్వేలో ఉంటున్నా యాజమాన్యం 2016లో చైనా కన్సార్టియం చేతికి వెళ్ళింది. నోకియా ఫోన్లలో ఒపేరా మినీ మనకు చేసిన మేలు వేరే సంగతి, దాని ముచ్చట పడి ఇప్పటి ఒపేరాకు వెళ్ళక్కర్లేదు.

ఉలా జోహో వాళ్ళది, 2023లో వచ్చింది. పేరు తమిళం, విహారం అని అర్థం. మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వదేశీ బ్రౌజర్ పోటీలో 2025 మార్చిలో మొదటి బహుమతి, కోటి రూపాయలు, దానికే వచ్చింది. పిండి క్రోమియందే, కాబట్టి "పూర్తి స్వదేశీ" అన్న మాటను కాస్త చూసి నమ్మండి. కానీ ఆఫీసు, ఇల్లు, పిల్లలు అని వేరే వేరే మోడ్‌లు పెట్టుకునే ఏర్పాటు బాగుంది. ప్రకటనలు అమ్మే వ్యాపారం లేని కంపెనీ చేసిందన్నది దాని బలం. శామ్‌సంగ్ ఫోన్ ఉన్నవాళ్ళు ముందే ఉన్న శామ్‌సంగ్ ఇంటర్నెట్‌ను ఒకసారి తెరిచి చూడండి, ప్రకటనలు ఆపే యాప్‌లు దానికి తగిలించుకోవచ్చు.

యూసీ బ్రౌజర్ ఇంకా ఎవరి ఫోన్లోనైనా ఉంటే తీసేయండి. 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో అదొకటి. ఎక్కడో దొరికిన పాత ఫైలుతో పెట్టుకున్న బ్రౌజర్‌కు అప్‌డేట్లు రావు. అప్‌డేట్ లేని బ్రౌజర్‌లో బ్యాంకు తెరవడమంటే తలుపు తీసి నిద్రపోవడమే.

ఏఐ బ్రౌజర్లు 2025లో వరసకట్టాయి, పర్‌ప్లెక్సిటీ కామెట్, ఓపెన్ఏఐ అట్లాస్. మన తరఫున అవే క్లిక్ చేసి పని చేసిపెడతాయి. చిక్కేమిటంటే పేజీలో ఎవడైనా కనపడకుండా దాచిన వాక్యాన్ని కూడా మీ ఆజ్ఞే అనుకుని పాటించే ప్రమాదం ఉంది. సరదాగా చూడండి. జీమెయిల్, బ్యాంకు అందులో లాగిన్ చేయొద్దు.

## తెలుగు కోసం ఒకసారి మారాం

2005 ప్రాంతాల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా ఏదో మంత్రాల పుస్తకంలా ఇంగ్లిషు గుర్తులు. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఆ పిచ్చి గుర్తులను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఎక్స్‌ప్లోరర్‌తో సర్దుకుపోతున్న ఎంతోమంది దాని కోసమే మారారు. తెలుగు బ్లాగుల్లో ముద్దుగా మంటనక్క అని పిలుచుకునేవాళ్ళం. స్వేచ్ఛ, గోప్యత అన్న పెద్ద మాటలకు కాదు, పేపరు చదవడానికి మారాం.

ఇప్పుడు యూనికోడ్ ఏ బ్రౌజర్‌లోనైనా చక్కగా కనిపిస్తుంది, టైపింగ్ కూడా కీబోర్డు చూసుకుంటుంది. ఒక్కచోట మాత్రం తేడా ఉంది, అదీ ఫైర్‌ఫాక్స్‌కు ఎదురుగానే. గూగుల్ డాక్స్‌లో నోటితో చెబితే తెలుగులో రాసే వాయిస్ టైపింగ్ క్రోమ్, ఎడ్జ్, సఫారీల్లోనే పనిచేస్తుంది. కథలు, పాఠాలు అలా చెప్పి రాసుకునే మాస్టర్లు నాకు తెలుసు. వాళ్ళకు నేను ఫైర్‌ఫాక్స్ ఒక్కటే పెట్టుకోమని చెప్పను.

## మారేటప్పుడు

కొత్త బ్రౌజర్ తెరవగానే పాతదాని నుంచి బుక్‌మార్కులు, హిస్టరీ తెచ్చుకోమంటారా అని అడుగుతుంది, ఒప్పుకోండి. పాస్‌వర్డ్‌లు నేరుగా రాకపోతే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైలు వస్తుంది. దాన్ని కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయండి. చేసిన మరుక్షణం ఆ ఫైలును చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. అందులో మీ పాస్‌వర్డ్‌లన్నీ తాళం లేకుండా, కిరాణా చీటీలా రాసి ఉంటాయి. మా అక్క కొడుకు లాప్‌టాప్ అమ్మబోతూ నాకిస్తే, డౌన్‌లోడ్స్‌లో ఆర్నెల్ల కిందటి ఆ ఫైలు ఇంకా ఉంది. తెరిచి చూపిస్తే వాడి మొహం పాలిపోయింది. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ అయ్యేవి) ఈ ఫైలులో రావు, వాటిని ఆయా సైట్లలో మళ్ళీ పెట్టుకోవాలి.

ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పంచే ఫైర్‌ఫాక్స్ సింక్‌లో దాచినవి మొజిల్లా కూడా చదవలేనట్టు తాళం వేసి ఉంటాయి. మంచిదే, కానీ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయి రీసెట్ చేస్తే సర్వర్‌లోని కాపీ చెరిగిపోతుంది. మొదటిరోజే రికవరీ కీ తీసి, ఇంటి పత్రాలు పెట్టే ఫైలులో రాసి పెట్టుకోండి.

కొత్తదాన్ని వెంటనే డీఫాల్ట్‌గా, అంటే ఏ లింకు నొక్కినా అదే తెరుచుకునేలా మార్చకండి. రెండు వారాలు కొత్తదాంట్లోనే పని చేయండి. ఏ సైట్ మొరాయించిందో ఒక చీటీ మీద రాసుకోండి. నాకు ఆ చీటీలో మూడు పేర్లే వచ్చాయి: ఒక బ్యాంకు, ఒక ప్రభుత్వ పోర్టల్, మా ఆఫీసు హాజరు సైటు. ఆ మూటికీ క్రోమ్ ఉంచుకున్నాను, మిగతాదంతా ఫైర్‌ఫాక్స్‌లో. చీటీలో పది పేర్లు వస్తే మీకు క్రోమియం కుటుంబమే మేలు, బ్రేవ్ చూడండి. రెండో రోజుకే చిరాకేస్తే క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకుని, థర్డ్ పార్టీ కుకీలు ఆపుకుని హాయిగా ఉండండి, ఎవరూ ఏమీ అనరు.

బాబాయి ఫోన్లో ఫైర్‌ఫాక్స్ పెట్టి, యూబ్లాక్ ఆరిజిన్ ఎక్కించి, ఆయన చదివే పేపరుకు హోమ్ స్క్రీన్ మీద ఒక గుర్తు పెట్టాను. గుండ్రటిది పక్కనే ఉంచాను, కరెంటు బిల్లు కట్టేది అందులోనే ఆయనకు అలవాటు. ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయని గ్యాలరీ తెరిచి రెండుసార్లు చూపించాక నమ్మాడు. పది రోజుల తర్వాత పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఆ పేపరు వాళ్ళకు బుద్ధొచ్చినట్టుందిరా. ప్రకటనలన్నీ తీసేశారు."